క్యాన్సర్‌ను ‘మింగే’ వైరస్‌ల గురించి రాసేవారికి

ఆరోగ్య వార్తలు రాసే పాత్రికేయులకు, ఆ వార్తలకు శీర్షికలు పెట్టే ఉపసంపాదకులకు,

నమస్కారం.

నేను డాక్టరును కాను. వైరస్‌లను పెంచి పోషించడం నా వృత్తి. పాత్ర అడుగున జీవకణాలను పలచని పొరలా పరిచి, వాటి మీద వైరస్ ఉన్న ద్రవం చుక్కలుగా వేసి, రెండు మూడు రోజుల తర్వాత ఆ పొరలో ఎన్ని చిల్లులు పడ్డాయో లెక్కపెడతాం. ఆ చిల్లులను మేం ప్లాక్‌లు అంటాం. ఇరవై ఆరేళ్లు ప్లాక్‌లు లెక్కపెట్టి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. అందువల్ల నాకు తెలిసినవాళ్లంతా వైరస్ అన్న మాట కనిపించిన ప్రతి వార్తనూ నాకు పంపిస్తారు. నిజమా కాదా చెప్పమంటారు.

నెల కిందట ఒకాయన ఫోను చేశారు. భార్యకు క్లోమంలో క్యాన్సర్. కాలేయానికి పాకింది. ‘వైరస్‌తో క్యాన్సర్ ఖతం’ అన్న శీర్షికతో వచ్చిన వార్త చదివారు. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: “అది ఎక్కడ ఇస్తారండీ?” ఆ వార్తను నేను చివరిదాకా చదివాను. పదకొండో పేరాలో ఉంది, ప్రయోగం ఎలుకల మీద జరిగిందని. ఆయన పదకొండో పేరాదాకా వెళ్లలేదు. ఆ స్థితిలో ఉంటే నేనూ వెళ్లి ఉండేవాణ్ణి కాదు. ఈలోగా వాళ్లు ఆ వైరస్ కోసం వెతుకుతూ కీమోథెరపీని రెండు వారాలు వాయిదా వేసుకున్నారు.

ఈ లేఖ రాయడానికి అదీ కారణం. మీ మీద కోపంతో మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఉంటే కోపం కాస్త తగ్గింది. ఎందుకంటే వైరస్‌లతో క్యాన్సర్ కణాల మీద దాడి చేయించే ఈ వైద్యం నిజంగానే అద్భుతమైనది. దాని గురించి రాయవద్దని మిమ్మల్ని కోరే అర్హత నాకు లేదు, అలా కోరాలనీ లేదు. ఇప్పుడు రాస్తున్నదానికంటే ఎక్కువ రాయమని అడగడానికే కూర్చున్నాను.

ముందుగా ఒక చిన్న విన్నపం. ఈ వైరస్‌ల మీద తెలుగులో వచ్చే ప్రతి వ్యాసమూ ‘ముల్లును ముల్లుతోనే తీయాలి’ అని మొదలవుతుంది. ఆ ముల్లును కొన్నాళ్లు పక్కన పెట్టండి. అరిగిపోయిందన్నది ఒక కారణం. అది చెప్పే కథ తప్పు కావడం రెండో కారణం, అసలు కారణం. ముల్లుతో ముల్లు తీస్తే పని చేసేది రెండో ముల్లు. ఇక్కడ పనిలో పెద్ద భాగం చేసేది వైరస్ కాదు.

ప్రయోగశాల పాత్రలో అయితే వైరసే చేస్తుంది, నిజమే. క్యాన్సర్ కణాల పొర మీద తగిన వైరస్‌ను వేస్తే నాలుగో రోజుకు పొర మిగలదు. సూక్ష్మదర్శినిలో ఆ దృశ్యం చూసిన ఏ కుర్రవాడికైనా క్యాన్సర్‌ను జయించేశామనిపిస్తుంది. నాకూ ఒకప్పుడు అనిపించింది. కానీ పాత్రలో రక్తం లేదు, కాలేయం లేదు, ప్లీహం లేదు, యాంటీబాడీలు లేవు. మనిషి రక్తంలోకి వైరస్‌ను ఎక్కిస్తే చాలా భాగాన్ని కాలేయమూ ప్లీహమూ వడకట్టేస్తాయి. చిన్నప్పుడు టీకా వల్లనో జబ్బు వల్లనో ఆ వైరస్‌తో పరిచయమై ఉంటే మిగిలినదాన్ని యాంటీబాడీలు అడ్డుకుంటాయి. ఇవన్నీ దాటి కణితిని చేరినా, కొన్ని కణితుల చుట్టూ నారలాంటి దట్టమైన కణజాలం అల్లుకుని ఉంటుంది. అందులో వైరస్ నాలుగడుగులు వేసి ఆగిపోతుంది. ఫోను చేసినాయన భార్యకు వచ్చిన క్లోమ క్యాన్సర్ సరిగ్గా అలాంటిది.

అయితే ఈ వైద్యం ఎలా పని చేస్తున్నట్టు? దీనికి జవాబు మీ వార్తల్లో దాదాపుగా కనిపించదు. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన సంగతి కూడా ఇదే కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

వైరస్ చొరబడగానే ఆరోగ్యంగా ఉన్న కణం కేక పెడుతుంది. ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను విడుదల చేసి చుట్టుపక్కల కణాలను హెచ్చరిస్తుంది. తనలో ప్రొటీన్ల తయారీని తానే ఆపేసుకుంటుంది, ఒక్కోసారి చచ్చిపోవడానికైనా సిద్ధపడుతుంది. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు ఈ ఇంటర్‌ఫెరాన్‌ను కనిపెట్టారు. పెరుగుదలను అదుపులో ఉంచే పనిలో కూడా దీనికి పాత్ర ఉంది. విచ్చలవిడిగా పెరగాలనుకునే క్యాన్సర్ కణానికి ఆ అదుపు అడ్డం. అందుకే చాలా క్యాన్సర్ కణాల్లో ఈ ఏర్పాటు దెబ్బతిని ఉంటుంది. కాపలాను తీసేసుకుని స్వేచ్ఛ సంపాదించుకుంది. అయితే కాపలా లేని ఇంట్లోకి ఎవరైనా రావచ్చు. మామూలు కణంలో నిలదొక్కుకోలేనంతగా బలహీనపరిచిన వైరస్ కూడా అక్కడ పిల్లాపాపలతో స్థిరపడుతుంది. దీనికి లక్ష్యాన్ని గురి చూడడం అని మీరు పేరు పెడుతున్నారు. వైరస్‌కు గురి తెలియదు. అది చాలా తలుపులు తడుతుంది, గడియ లేని తలుపు తెరుచుకుంటుంది.

ఇక్కడితో సగం కథ. ‘ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’ అంటారు. క్యాన్సర్ ఇంటిదొంగ. మన ఒంటి కణమే కాబట్టి రోగనిరోధక వ్యవస్థ దాని పక్క నుంచే నడిచిపోతూ కూడా గుర్తుపట్టదు, లేదా గుర్తుపట్టినా చేతులు కట్టేసినట్టు నిలబడిపోతుంది. వైరస్ సోకి ఆ కణం పగిలిపోయినప్పుడు లోపలి సరుకంతా బయట పడుతుంది. వైరస్ ముక్కలతో పాటు, ఆ క్యాన్సర్‌కే ప్రత్యేకమైన ప్రొటీన్ల ముక్కలూ వీధిన పడతాయి. వైరస్ వచ్చిందన్న గోలకు పరుగెత్తుకొచ్చిన నిరోధక కణాలు ఆ ముక్కలను చూస్తాయి, గుర్తు పెట్టుకుంటాయి. తర్వాత అవే గుర్తులున్న కణాలను, వైరస్ ఎన్నడూ తాకని చోట కూడా, వెతికి పట్టుకోగలవు. వైరస్ చేసేది దొంగ ఇంటి ముందు గోల పెట్టడం.

ఇది ఊహ కాదనడానికి ఒక మందు ఉంది. టీ-వెక్ అని పిలుస్తారు. పెదవి మీద జ్వరపు పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌నే తీసుకుని రెండు జన్యువులు తొలగించారు. వాటిలో ఒకటి, కణం ప్రొటీన్ల తయారీని ఆపేయకుండా వైరస్ వాడుకునే ఉపాయం. అది పోయాక మామూలు కణాల్లో వైరస్ పప్పులు ఉడకవు. రెండోది, వైరస్ సోకిన కణం నిరోధక వ్యవస్థ కంట పడకుండా కప్పేసే ముసుగు. దాన్ని కూడా తీసేశారు. ఆ తర్వాత నిరోధక కణాలను రమ్మని పిలిచే మానవ ప్రొటీన్ ఒకదాని జన్యువును చేర్చారు. చూడండి, మూడు మార్పుల్లో రెండు గోల పెంచడానికే. తయారుచేసినవారికి తాము ఏం చేస్తున్నారో స్పష్టంగా తెలుసు. శీర్షిక పెట్టినవారికే తెలియలేదు.

శస్త్రచికిత్సతో తీయలేని మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ ఉన్న 436 మంది మీద దీన్ని పరీక్షించారు. సూది గుచ్చిన కణితుల్లో 64 శాతం సగానికి సగమైనా కుంచించుకుపోయాయి. నాకు ఒళ్లు పులకరించిన అంకె అది కాదు. ఊపిరితిత్తులు, కాలేయం వంటి లోపలి అవయవాల్లో, సూది మొనైనా తగలని కణితుల్లో కూడా 15 శాతం అలాగే తగ్గాయి. తీగ ఇక్కడ లాగితే డొంక అక్కడ కదిలింది. అదే సమయంలో ఈ 15 అన్నది ఎంత చిన్న అంకెనో కూడా గమనించండి. వందలో 85 అంతగా కదలలేదు. ఆరు నెలలకు తగ్గకుండా నిలిచిన ఫలితం వైరస్ తీసుకున్నవారిలో 16.3 శాతం మందికి, పోల్చి చూడడానికి ఆ పిలుపు ప్రొటీన్‌ను మాత్రమే ఇచ్చినవారిలో 2.1 శాతం మందికి దక్కింది. మధ్యస్థ ఆయుష్షు, అంటే రోగుల్లో సగం మంది దాటిన కాలం, వరుసగా 23.3 నెలలు, 18.9 నెలలు. ఈ రెండో తేడా గణాంకాల గీటురాయికి వెంట్రుకవాసిలో నిలవలేదు. 2015 అక్టోబరులో అమెరికా నియంత్రణ సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. ఏ కణితికి? చర్మంలోనో, చర్మం కిందనో, లింఫు గ్రంథుల్లోనో ఉండి సూది అందే మెలనోమాకు. నిజాయితీగా చెప్పుకుంటే కొంతమందికి బాగా పనికొచ్చే మంచి మందు. ‘ఖతం’ అన్న మాట అందులో ఎక్కడుంది?

ఈ వైద్యం మీకు ఎప్పుడూ ‘సరికొత్త’గా, ‘తొలిసారి’గా కనిపిస్తుంది. దీని వయసు నూరేళ్లు దాటింది. 1904లో జార్జ్ డాక్ అనే అమెరికా వైద్యుడు ఒక రక్తక్యాన్సర్ రోగి గురించి రాశాడు. ఆమెకు ఇన్‌ఫ్లుయెంజా లాంటి జ్వరం వచ్చి, పెరిగిపోయిన తెల్లకణాల సంఖ్య అమాంతం పడిపోయింది. అప్పటికి ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. 1949లో హాడ్జ్‌కిన్స్ జబ్బు అనే ఒక రకం లింఫు క్యాన్సర్ ఉన్న 22 మందికి కావాలని హెపటైటిస్ సోకించారు. కొందరికి కణితులు తగ్గాయి. ఒకరు ఆ హెపటైటిస్‌తోనే చనిపోయారు. ఆ తర్వాత న్యూయార్క్‌లో చెస్టర్ సౌథమ్, ఆలిస్ మూర్ 34 మంది రోగులకు దోమల ద్వారా సోకే వెస్ట్ నైల్ వైరస్ ఎక్కించారు. ఇదే సౌథమ్ 1963లో ఒక ఆసుపత్రిలోని 22 మంది దీర్ఘరోగులకు, అవి సజీవ క్యాన్సర్ కణాలని చెప్పకుండానే సూది వేయించాడు. ఆ పని మేం చేయమని ముగ్గురు యువ వైద్యులు నిరాకరించడం వల్లే సంగతి బయటపడింది. అది వైరస్ కథ కాదు, నాకు తెలుసు. అయినా చెబుతున్నాను. ఆశ ఎక్కువైన రంగంలో అడగాల్సిన ప్రశ్నలు ఎలా అడుగున పడిపోతాయో చూపడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1956 నాటి ఒక ప్రయోగం దగ్గర మాత్రం ఆగుదాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరిన 30 మందికి జలుబు లాంటి జబ్బులు తెచ్చే ఎడినోవైరస్ ఇచ్చారు. సగానికి పైగా రోగుల్లో కణితి నడిభాగం కుళ్లి కరిగింది. వాళ్ల ఆయుష్షు మాత్రం పెరగలేదు. కణితి కరగడం ఒకటి, మనిషి బతకడం ఇంకొకటి. ఆ పాఠం చెప్పి డెబ్బై ఏళ్లు కావస్తోంది. ఇవాళ్టికీ ‘కణితి మాయం’ అన్నది శీర్షికలోకి ఎక్కుతుంది, రోగి ఎంతకాలం బతికారన్నది వార్తలోకి కూడా రాదు.

ఇక నా అసలు ఫిర్యాదు. మీరు కథ మొదలుపెడతారు, ముగింపు రాయరు.

మశూచి టీకాకు వాడిన వ్యాక్సినియా వైరస్‌ను మార్చి తయారుచేసిన పెక్సా-వెక్ అనే మందు ఉంది. కాలేయ క్యాన్సర్ కోసం. 2013లో 30 మంది మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. ఎక్కువ మోతాదు తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 14.1 నెలలు, తక్కువ మోతాదు వారిది 6.7. రెట్టింపు! ఆ వార్త నేను ఎన్నిచోట్ల చదివానో లెక్కలేదు. దాని ఆధారంగా పెద్ద పరీక్ష మొదలైంది. 459 మంది చేరారు. సగం మందికి వైరస్ ఇచ్చి ఆ తర్వాత మామూలు మందు, మిగతా సగానికి మామూలు మందు మాత్రమే. 2019 ఆగస్టులో, కొనసాగించి లాభం లేదని మధ్యలోనే ఆపేశారు. వైరస్ తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 12.7 నెలలు, తీసుకోనివారిది 14.0. వైరస్ వల్ల పెరిగింది ఏమీ లేదు. ఈ వార్త నేను ఎన్నిచోట్ల చదివానో చెప్పమంటారా? వైద్య పత్రికలు తప్పిస్తే ఎక్కడా లేదు.

ఇది ఒక్క మందు దురదృష్టం అనుకోకండి. మెలనోమాకు టీ-వెక్‌నూ, నిరోధక కణాల కట్లు విప్పే పెంబ్రోలిజుమాబ్‌నూ కలిపి 21 మందికి ఇచ్చినప్పుడు 62 శాతం మందిలో కణితులు తగ్గాయని 2017లో వచ్చింది. తర్వాత అదే జోడీని 692 మంది మీద, సగం మందికి వైరస్ బదులు ఉత్తుత్తి మందు ఇచ్చి పరీక్షించారు. చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మెదడు కణితుల కోసం వచ్చిన టోకా 511 అనే వైరస్‌దీ అదే దారి. 403 మంది పరీక్షలో వైరస్ తీసుకున్నవారికి 11.1 నెలలు, తీసుకోనివారికి 12.2.

ఎందుకిలా అవుతుందో పాఠకుడికి చెప్పడం కష్టమేమీ కాదు. మొదటి పరీక్షలకు వచ్చేది నడవగలిగిన, ఓపిక ఉన్న, ఆసుపత్రికి పదేపదే రాగలిగిన రోగులు. వాళ్లు ఏ మందూ లేకపోయినా ఇతరులకంటే కొంత ఎక్కువకాలం బతుకుతారు. ముప్పై మందిలో కొందరు అదృష్టవంతులు చేరితే చాలు, ఫలితం పైకి లేస్తుంది. నాలుగు వందల మందిలో ఆ అదృష్టం రెండు వైపులా పంచుకుపోతుంది. ఇంతే. నాలుగు వాక్యాలు. ఈ నాలుగు వాక్యాలు మీ పాఠకుడికి తెలిసి ఉంటే, తర్వాతి నలభై ఏళ్ల వార్తలను అతను తానే తూచుకోగలడు.

పోల్చేది దేనితో అన్నది కూడా అడగండి. పోలియో వైరస్‌లో ఒక భాగాన్ని జలుబు వైరస్ భాగంతో మార్చి, తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కణితిలోకి నేరుగా ఎక్కించారు, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో. 2018లో ఫలితాలు: 61 మందిలో మూడేళ్ల తర్వాత 21 శాతం మంది బతికున్నారు. అంతకుముందు అదే చోట వేరే చికిత్సలు పొందినవారిలో ఆ సంఖ్య 4 శాతం. వినడానికి ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. కానీ ఆ 4 శాతం పాత రికార్డుల్లోంచి ఏరి తీసినది, పక్కపక్కనే చీటీలు వేసి పంచిన రెండు గుంపుల పోలిక కాదు. జపాన్‌లో 2021లో మెదడు కణితులకు అనుమతి పొందిన డెలిటాక్ట్ అనే హెర్పిస్ మందు విషయమూ ఇంతే. టోక్యో విశ్వవిద్యాలయంలో తోమోకి తోడో బృందం 19 మందికి ఇస్తే ఏడాది తర్వాత 84.2 శాతం మంది ఉన్నారు. పక్కన పోల్చే గుంపు లేదు. అక్కడి ప్రభుత్వానికి ఆ సంగతి తెలుసు కాబట్టే షరతులు పెట్టి, ఏడేళ్ల గడువుతో అనుమతి ఇచ్చింది. నేను చదివిన వార్తలు గడువునూ షరతులనూ వదిలేసి అనుమతిని మాత్రమే రాశాయి. నాకు ఈ రెండు ప్రయోగాల మీదా గౌరవం ఉంది. గ్లియోబ్లాస్టోమా ముందు దశాబ్దాలుగా ఎందరో చేతులెత్తేశారు. ఆ గౌరవం వల్లే అంకెలను ఉన్నదున్నట్టు రాయమంటున్నాను.

ఒక్క మనిషి కథ మీకు ఎందుకు ముద్దో అర్థం చేసుకోగలను. ముఖం ఉంటే వార్త నడుస్తుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో మల్టిపుల్ మైలోమా అనే మజ్జ క్యాన్సర్ ఉన్న 49 ఏళ్ల మహిళకు మార్పు చేసిన తట్టు వైరస్‌ను రక్తంలోకి ఎక్కించారు. పది వేల కోట్ల వైరస్ రేణువులు. కోటి మందికి సరిపడా టీకా మోతాదు. జబ్బు పూర్తిగా వెనక్కి తగ్గి తొమ్మిది నెలలు కనిపించలేదు. 2014లో ప్రపంచమంతా రాసింది. ఆమెతో పాటే వైరస్ తీసుకున్న రెండో రోగికి అంత ఫలితం రాలేదని రాసినవారు కొద్దిమంది. వాళ్లిద్దరి రక్తంలోనూ తట్టుకు యాంటీబాడీలు లేవనీ, అందుకే వాళ్లను ఎంచుకున్నారనీ రాసినవారు ఇంకా తక్కువ. చిన్నప్పుడు టీకా వేయించుకున్నవారికీ తట్టు వచ్చి తగ్గినవారికీ, అంటే మీ పాఠకుల్లో దాదాపు అందరికీ, ఆ యాంటీబాడీలు ఉంటాయి. ఈ ఒక్క వాక్యం లేకపోతే ఆ వార్త సగం అబద్ధం.

2024లో క్రొయేషియా వైరస్ శాస్త్రవేత్త బెయాటా హలాసీ కథ వచ్చింది. జాగ్రెబ్ విశ్వవిద్యాలయంలో పని చేసే ఆమెకు రొమ్ము క్యాన్సర్ మళ్లీ తిరగబెట్టింది. 2020లో తన ప్రయోగశాలలో తయారైన తట్టు టీకా వైరస్‌ను, ఆ తర్వాత పశువులకు సోకే వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్‌ను కణితిలోకి ఎక్కించుకుంది. కణితి చిన్నదై, మెత్తబడి, చుట్టూ అంటుకున్న చోట నుంచి విడివడింది. నాలుగేళ్లు జబ్బు తిరిగి రాలేదు. ‘తనకు తానే క్యాన్సర్ నయం చేసుకున్న శాస్త్రవేత్త’ అని ఎన్ని శీర్షికలు! ఆ కణితిని శస్త్రచికిత్సతో తీసేశారనీ, ఆ తర్వాత ఆమె ఏడాది పాటు ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందు తీసుకుందనీ ఎందరు చదివారు? డాక్టర్ల కనుసన్నల్లో, జీవితమంతా వైరస్‌లతో పని చేసిన మనిషి చేసిన పని అది. ఆమెను నేను తప్పుపట్టను. ఆ స్థితిలో, ఆ చేతులు నాకుంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. కానీ ఆ వారం నాకు వచ్చిన ఫోన్లలో ఇద్దరు తట్టు టీకా సీసా కొని కణితిలోకి ఎక్కించుకోవచ్చా అని అడిగారు.

ఇలాంటి చోట కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. లాట్వియాలో రిగ్‌విర్ అనే వైరస్ మందుకు 2004లో అనుమతి వచ్చింది. దాని ప్రభావాన్ని గట్టిగా నిరూపించే పెద్ద పరీక్షలు లేకుండానే, సొంత డబ్బుతో వచ్చిన విదేశీ రోగులకు ఏళ్ల తరబడి ఇచ్చారు. 2019లో సీసాల్లో చెప్పినంత వైరస్ లేదని తేలి సరఫరా ఆగింది. ఆశ కొనడానికి వచ్చేవారిని అలాంటి గుమ్మాల దాకా నడిపించేది చాలాసార్లు ఒక మామూలు వార్తే.

మరో గందరగోళం గురించి రెండు ముక్కలు. వైరస్ అన్న పదం కనిపించిన ప్రతి క్యాన్సర్ వైద్యమూ ఇది కాదు. 2012లో ఆరేళ్ల పాపకు రక్తక్యాన్సర్ తగ్గినప్పుడు ‘ఎయిడ్స్ వైరస్‌తో క్యాన్సర్ నయం’ అని రాశారు. అక్కడ పనికిరాకుండా చేసిన వైరస్ ఒక బండి. పాప సొంత నిరోధక కణాల్లోకి, ఒంటి బయట, ఒక జన్యువును మోసుకెళ్లి దించింది. వచ్చిన పని అయిపోయింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను అడ్డుకునే టీకా మరో సంగతి. దాన్ని ఈ చికిత్సలతో కలిపి రాస్తే, ఖాయంగా పని చేసే టీకా మీద కూడా అనుమానాలు పుడతాయి.

మీకు ఉన్న జాగా తక్కువని, సమయం అంతకంటే తక్కువని తెలుసు. రాసేది ఒకరు, శీర్షిక పెట్టేది మరొకరని కూడా తెలుసు. అందుకే నా కోరికలు చిన్నవి. ప్రయోగం జరిగింది పాత్రలోనా, ఎలుకలోనా, మనిషిలోనా అన్నది మొదటి వాక్యంలో ఉండనివ్వండి. ఎంతమంది, ఏ క్యాన్సర్, దేనితో పోల్చారు, ఇప్పుడు రోగికి అందుబాటులో ఉందా అన్నది మూడో పేరా దాటనివ్వకండి. పెద్ద పరీక్ష జరుగుతోందని రాసినప్పుడు దాని పేరు ఒక డైరీలో రాసుకుని, రెండేళ్లకోసారి ఏమైందో చూడండి. ఓడిపోయినా రాయండి. ఆ పరీక్షల్లో చేరిన 459 మంది, 692 మంది, 403 మంది తమ ఒంటిని ఇచ్చారు. పని చేయదని తేల్చడం కూడా వాళ్లు చేసిన పనే. ఒక్క పేరా వాళ్లకు రుణపడి లేమా?

రాయడానికి సరుకు లేదనకండి. సూది వేసిన రోజు సాయంత్రం వచ్చే చలిజ్వరం గురించి రాయండి. గోల మొదలైందనడానికి అదొక గుర్తు. సూది వేసిన చోట కట్టు విప్పకూడదని, ఆ కట్టు మార్చేవారు చేతికి తొడుగులు వేసుకోవాలని, ఇంట్లో గర్భవతులు ఉంటే జాగ్రత్త అని నర్సు చెప్పే మాటలు రాయండి. ఎందుకంటే అది ప్రాణమున్న హెర్పిస్ వైరస్. నిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఈ మందు ఇవ్వరని రాయండి. టీ-వెక్ పని చేసినవారిలో చాలామందికి ముందు కణితి పెరిగినట్టు కనిపించి, నెలల తర్వాత తగ్గిందని రాయండి. ఆ మధ్య నెలలు ఆ ఇంట్లో ఎలా గడుస్తాయో, మందు మానేయాలా కొనసాగించాలా అని డాక్టరూ రోగీ ఎలా తేల్చుకుంటారో, అది ‘ఖతం’ కంటే ఎన్ని రెట్లు ఆసక్తికరమైన వార్తో మీకు నేను చెప్పాలా?

ఆ ఫోను చేసినాయనకు చివరికి నేను చెప్పింది ఇది: ఆ వార్తలోని మందు ఇంకా ఎలుకల దగ్గరే ఉంది, మనుషుల దాకా వస్తుందో రాదో తెలియదు, రేపే వెళ్లి కీమో మొదలుపెట్టించండి, వైరస్ పరీక్షలు ఏవైనా జరుగుతున్నాయేమో మీ డాక్టరునే అడగండి, డబ్బు కట్టమన్న చోట మాత్రం చేరకండి. ఆయన అంతా శ్రద్ధగా విన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చాలా మర్యాదగా అడిగారు, “అయితే మరి అలా ఎందుకు రాశారండీ?”

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న మీది కాబట్టి మీకు పంపుతున్నాను. మీరేమంటారో రాస్తే ఆయనకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ప్లాక్‌లు లెక్కపెట్టిన ఒక విశ్రాంత ప్రయోగశాల ఉద్యోగి